ప్రేగులో పాలిప్ తీయించుకునే ముందు

"దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడతాంది సార్. మొలలే అయ్యుంటాయి."

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల నుండి వచ్చేవారు చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. ఎక్కువమంది విషయంలో వారు చెప్పేది నిజమే, అవి మొలలే. కానీ కొందరిలో ఆ రక్తం మొలల నుండి కాక, ఇంకా లోపల పెద్దప్రేగులో ఉన్న పాలిప్ నుండి వస్తుంది. పైనుండి చూసి ఏది ఏమిటో ఎవరూ చెప్పలేరు. లోపల చూడకుండానే ఆకు పసరు తాగి, బోర్డు కట్టుకున్న చోట ఇంజెక్షన్ వేయించుకుని, ఏడాది రెండేళ్లు గడిపేసిన తరువాత పరీక్షకు వచ్చేవారిని చూసినప్పుడు మనసుకు కష్టంగా ఉంటుంది.

రక్తం పడితే పరీక్ష చేయించుకోవాలని ఈ పత్రిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ వ్యాసంలో ఆ తరువాతి మెట్టు గురించి చెప్పదలచాను. కొలనోస్కోపీ చేశారు, పాలిప్ ఉందన్నారు. అప్పుడు కుటుంబం మొత్తం ఒకేసారి అడుగుతుంది: "ఆపరేషనా సార్? కరెంటు పెట్టి కాలుస్తారంట కదా? హైదరాబాదులో ఏదో కొత్త పద్ధతి ఉందంట, ఆడికే పోదామా?"

నా అభిప్రాయం ముందే చెప్తాను. పాలిప్ చిన్నదైతే, కరెంటు లేని మామూలు తీగ ఉచ్చుతో, కొలనోస్కోపీ చేస్తున్న ఆ పూటే తీయించుకోవడం మంచిది. దానికోసం దూరం పోనక్కరలేదు. పాలిప్ పెద్దదిగా, పరుచుకుని ఉంటే, దగ్గరలో సగం తీయించుకోవడం కంటే అసలు ముట్టుకోకుండా, పూర్తిగా తీయగల చోటికి ఒక్కసారే పోవడం మంచిది. ఎందుకో వివరిస్తాను.

పాలిప్ అంటే ఏమిటి?

పెద్దప్రేగు లోపలి పొర మీద పుట్టే కండ బుడిపెను పాలిప్ అంటారు. చర్మం మీద పులిపిరి వచ్చినట్లే అనుకోండి. కొన్ని పుట్టగొడుగులాగా కాడతో వేలాడుతుంటాయి. కొన్ని కాడ లేకుండా బుడిపెలాగా ఉంటాయి. మరికొన్ని పెనం మీద దోసె పోసినట్లు పలుచగా పరుచుకుని ఉంటాయి. వీటిని కనిపెట్టడమూ కష్టమే, తీయడమూ కష్టమే.

అన్ని పాలిప్‌లూ క్యాన్సరు కావు. చాలావరకు ఎన్నటికీ కావు కూడా. అయితే అడినోమా అనే రకంలో కొన్ని చాలా ఏళ్ల కాలంలో మెల్లగా క్యాన్సరుగా మారగలవు. ఆ మార్పుకు ముందే తీసేస్తే ప్రమాదం తప్పుతుంది. ఇది ఊహ కాదు. అమెరికాలో పాలిప్‌లు తీయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించి 1993లో ప్రచురించిన నేషనల్ పాలిప్ స్టడీలో, అనుకున్న దానికంటే క్యాన్సరు 76 నుండి 90 శాతం వరకు తక్కువగా వచ్చినట్లు తేలింది. 2012లో వచ్చిన తరువాతి నివేదికలో, ఆ క్యాన్సరుతో మరణాలు సగానికి పైగా, అనగా 53 శాతం తగ్గినట్లు చూపారు.

ఇక "ఆపరేషనా?" అన్న ప్రశ్న. ఒకప్పుడు అవును, పొట్ట కోసి తీసేవారు. 1969లో న్యూయార్కు నగరంలోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో డాక్టర్ హిరోమి షిన్యా, డాక్టర్ విలియం వూల్ఫ్ కొలనోస్కోపు గొట్టం లోపలి నుండి తీగ ఉచ్చును పంపి పాలిప్‌ను తీశారు. అప్పటి నుండి ఈ పని పొట్ట కోయకుండా జరుగుతోంది. ప్రేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. కాబట్టి పాలిప్ కోస్తున్నప్పుడు నొప్పి ఉండదు. గొట్టం మలుపు తిరిగేటప్పుడు, గాలి నింపినప్పుడు కలిగే ఇబ్బందికి మత్తు ఇస్తారు.

పద్ధతులు ఎన్ని?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనుక పనిచేసే ఆచారిని అడిగి చూడండి. ముక్కుపుడకకు వాడే పట్టకారు, వడ్డాణానికి వాడేది ఒకటి కాదంటాడు. పాలిప్ తీసే పనిముట్లూ అంతే. ఏది గొప్పది అని అడిగితే జవాబు లేదు. ఏ పాలిప్‌కు ఏది అని అడిగితే జవాబు ఉంది.

మొదటిది చిన్న పట్టకారు. ఆవగింజంత పాలిప్‌ను, అంటే 1 నుండి 3 మి.మీ. వరకు ఉన్నదాన్ని, ఒక్క పట్టులో తుంచేయడానికి సరిపోతుంది. అంతకంటే పెద్దదాన్ని ముక్కలు ముక్కలుగా తుంచితే కొంత మిగిలిపోతుంది.

రెండవది కోల్డ్ స్నేర్, అనగా చల్లని ఉచ్చు. సన్నని తీగను పాలిప్ చుట్టూ వేసి, చుట్టూ కొంచెం మంచి పొరను కూడా కలుపుకుని, బిగించి కోసేస్తారు. కరెంటు ఉండదు. కోసిన వెంటనే కొంచెం రక్తం ఊరుతుంది, కొద్దిసేపట్లో దానంతటదే ఆగుతుంది.

మూడవది హాట్ స్నేర్, అనగా వేడి ఉచ్చు. అదే తీగకు కరెంటు కలుపుతారు. కోస్తూనే రక్తనాళాన్ని కాల్చి మూస్తుంది. వినడానికి ఇదే భద్రమైనదని అనిపిస్తుంది. చాలా కాలం వైద్యులు కూడా అలాగే అనుకున్నారు. కానీ వేడి పై పొరతో ఆగదు, కింది పొరల వరకు దిగుతుంది. కాలిన చోట పొక్కు కట్టి, కొన్ని రోజుల తరువాత ఊడినప్పుడు, ఇంట్లో ఉన్న సమయంలో రక్తం పడవచ్చు. అరుదుగా ప్రేగుకు రంధ్రం కూడా పడవచ్చు.

ఈ రెండింటినీ తైవాన్‌లో 6 ఆసుపత్రుల్లో 4,270 మందిపై పోల్చి చూశారు. 4 నుండి 10 మి.మీ. వరకు ఉన్న పాలిప్‌లు ఇవి. 2023లో ఫలితం వెలువడింది. ఇంటికి పోయిన తరువాత రక్తం పడినవారు వేడి ఉచ్చులో 1.5 శాతం, చల్లని ఉచ్చులో 0.4 శాతం. తీవ్రంగా రక్తం పోయినవారు వేడి ఉచ్చులో 8 మంది, చల్లని ఉచ్చులో ఒక్కరే. మరి పూర్తిగా తీయడంలో చల్లనిది వెనుకబడిందా? జపాన్‌లో 12 చోట్ల చేసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, 4 నుండి 9 మి.మీ. పాలిప్‌లలో మిగులు ఉన్నవి చల్లని ఉచ్చులో 1.8 శాతం, వేడి ఉచ్చులో 2.6 శాతం. వెనుకబడలేదు. అందువల్ల 10 మి.మీ. లోపు, అంటే వేరుశనగ విత్తనం కంటే చిన్నవాటికి, అమెరికా, ఐరోపా వైద్య సంఘాలు చల్లని ఉచ్చునే ముందు సిఫారసు చేస్తున్నాయి.

కరెంటంటే భయపడే మనవాళ్లకు ఇది మంచి వార్తే. అయితే కరెంటుకు చోటు లేదని కాదు. పుట్టగొడుగులాగా లావు కాడ ఉన్న పెద్ద పాలిప్‌కు ఆ కాడలో పెద్ద రక్తనాళం ఉంటుంది. అక్కడ వేడి ఉచ్చే కావాలి.

నాలుగవది ఇ.ఎం.ఆర్. పరుచుకున్న పాలిప్ కిందికి సూదితో రంగు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. పొర బుగ్గలాగా పైకి లేస్తుంది, కింది కండకు దూరమవుతుంది. అప్పుడు ఉచ్చు వేసి తీస్తారు. సూది లేకుండా, ప్రేగు నిండా నీరు నింపి పాలిప్‌ను తేలనిచ్చి తీసే పద్ధతి కూడా ఉంది. 20 మి.మీ. దాటిన వాటిని, అంటే సుమారు రూపాయి బిళ్లంత ఉన్న వాటిని, ఇ.ఎం.ఆర్.లో ఎక్కువగా ముక్కలుగానే తీయవలసి వస్తుంది. ముక్కలుగా తీసినప్పుడు అంచున కొంత మిగిలి మళ్లీ పెరిగే అవకాశం ఉంది. తీసిన తరువాత అంచు చుట్టూ సన్నగా కాల్చితే ఇది బాగా తగ్గుతుంది. 2019లో ప్రచురించిన ఒక పరిశీలనలో అలా కాల్చినవారిలో తిరిగి వచ్చినది 5.2 శాతం, కాల్చనివారిలో 21 శాతం.

అయిదవది ఇ.ఎస్.డి. జపాన్ వైద్యులు అభివృద్ధి చేసినది. సన్నని కరెంటు కత్తితో పాలిప్ చుట్టూ గీత గీసి, కింది పొర నుండి మెల్లగా విడదీస్తూ, మొత్తాన్ని ఒకే ముక్కగా తీస్తారు. ఒకే ముక్కగా వస్తే అంచుల్లో, అడుగున ఏమైనా మిగిలిందా అన్నది ల్యాబులో స్పష్టంగా చెప్పగలరు. పాలిప్‌లో క్యాన్సరు అప్పుడే మొదలవుతోందని అనుమానం ఉన్నప్పుడు ఇది చాలా విలువైన సంగతి. కానీ గంటలు పడుతుంది. రంధ్రం పడే ప్రమాదం ఎక్కువ. ఏళ్ల శిక్షణ ఉన్న చేయి కావాలి. ఫ్రాన్స్‌లో 25 మి.మీ. దాటిన పాలిప్‌లపై ఇ.ఎస్.డి.ని, ముక్కలుగా తీసే ఇ.ఎం.ఆర్.ని పోల్చి 2024లో ఫలితం ఇచ్చారు. ఆరు నెలలకు తిరిగి కనిపించినది ఇ.ఎస్.డి.లో 0.6 శాతం, ఇ.ఎం.ఆర్.లో 5.1 శాతం. అదే సమయంలో ఇబ్బందులు ఇ.ఎస్.డి.లో 35.6 శాతం, ఇ.ఎం.ఆర్.లో 24.5 శాతం. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్లే కదా! అందుకే కొత్తదని, ఖరీదైనదని అందరూ దాని వెంట పడకూడదు.

చిన్నవాటికి బాగా పనిచేసింది కదా అని చల్లని ఉచ్చునే పెద్దవాటికీ వాడితే? జర్మనీలో 20 మి.మీ., అంతకు మించిన పరుచుకున్న పాలిప్‌లపై చేసి చూశారు. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం పెద్ద ప్రమాదాలు 7.9 శాతం నుండి 1 శాతానికి తగ్గాయి. కానీ మిగిలిపోయి తిరిగి కనిపించినవి 13.8 శాతం నుండి 23.7 శాతానికి పెరిగాయి. భద్రత పెరిగింది, పూర్తి తగ్గింది. వయసు మీరిన, బలహీనమైన రోగికి అది ఒప్పుకోదగిన బేరం కావచ్చు. నలభై ఏళ్ల మనిషికి కాకపోవచ్చు.

అరటి దుంప మిగిలితే

పులివెందుల రైతుకు నేను చెప్పనక్కరలేదు. అరటి చెట్టును నేలమట్టానికి నరికినా దుంప మిగిలితే పిలక వస్తుంది. పాలిప్ కూడా అంతే. పద్ధతి ఏదైనా అసలు ప్రశ్న ఒక్కటే, పూర్తిగా వచ్చిందా లేదా?

అమెరికాలో 2013లో ప్రచురించిన ఒక పరిశీలన నన్ను చాలా ఆలోచింపజేసింది. 5 నుండి 20 మి.మీ. పాలిప్‌లను తీసిన తరువాత, పూర్తిగా వచ్చిందని వైద్యుడు అనుకున్న చోట, అంచుల నుండి మళ్లీ చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. 10.1 శాతం పాలిప్‌లు పూర్తిగా రాలేదని తేలింది. ఇంకో సంగతి, ఒక్కో వైద్యుని విషయంలో ఈ లెక్క 6.5 శాతం నుండి 22.7 శాతం వరకు మారింది. పనిముటు ఎంత ముఖ్యమో, పట్టిన చేయి అంతకంటే ముఖ్యమని దీని అర్థం.

సగం తీయడంలో ఇంకో నష్టం ఉంది. మొదటిసారి కోసిన చోట, పదే పదే ముక్క తీసిన చోట, మచ్చ కట్టి పొర కింది కండకు అతుక్కుపోతుంది. ఆ తరువాత ఎంత నేర్పరి సెలైన్ ఎక్కించినా అది పైకి లేవదు. మొదటే వచ్చి ఉంటే గంటలో అయ్యే పని, పొట్ట ఆపరేషన్ వరకు పోవచ్చు. పెద్ద పాలిప్‌కు మొదటి ప్రయత్నమే మంచి ప్రయత్నం. కాబట్టి "ఇది పెద్దది, నేను ముట్టుకోను, ఫోటో తీసి పంపిస్తాను" అని చెప్పిన వైద్యుణ్ణి తక్కువగా చూడకండి. ఆయన మీకు మేలే చేశాడు.

కొందరు అంటారు: "ఇవన్నీ డాక్టర్లు చూసుకునే సంగతులు, పేషెంటుకు ఎందుకు?" నిర్ణయం వైద్యునిదే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడికి పోవాలి, ఎంత అప్పు చేయాలి, ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలి అన్నది నిర్ణయించేది కుటుంబమే. 6 మి.మీ. పాలిప్ కోసం బంగారం కుదువ పెట్టి హైదరాబాదు పోయేవారూ, 40 మి.మీ. పాలిప్‌ను దగ్గరలోనే ‘కొంచెం కొంచెంగా’ తీయించుకునేవారూ, ఇద్దరూ తెలియకనే నష్టపోతున్నారు.

మన ప్రాంతం వారికి పెద్ద పనికి తగిన చోట్లు లేకపోలేదు. తిరుపతిలో స్విమ్స్ ఉంది. మన పెద్దల కాలం నుండి కడప జిల్లా వాసులు నమ్మి వెళ్తున్న వేలూరు సి.ఎం.సి. ఉంది. హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఉంది. దానిని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి కర్నూలు వైద్య కళాశాలలో చదువుకున్నవారే. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఎండోస్కోపీ విద్యలో మన తెలుగువారు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరని చెప్పడానికే ఈ మాట. ప్రతి పాలిప్‌నూ అక్కడికి మోసుకుపోవాలని కాదు.

ఖర్చు గురించి కూడా ఒక మాట. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యునిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేర ఆసుపత్రి పెట్టిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభించారు. ఇప్పుడు మన రాష్ట్రంలో ఆ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. మీకు చెప్పిన చికిత్స అందులో వస్తుందా, ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా అన్నది ప్రయాణానికి ముందే కౌంటరులో కనుక్కోండి. బస్సెక్కిన తరువాత కాదు.

అడగవలసిన ప్రశ్నలు

చీటీ మీద రాసుకుని వెళ్లండి. మొహమాటపడకండి.

1. పాలిప్ ఎన్ని మి.మీ. ఉంది? ఎక్కడ ఉంది? కాడ ఉందా, పరుచుకుని ఉందా?
2. ఏ పద్ధతిలో తీస్తారు? నాకు అదే ఎందుకు?
3. ఒకే ముక్కగా వస్తుందా, ముక్కలుగానా? పూర్తిగా వచ్చిందని ఎలా తెలుస్తుంది?
4. తీసిన ముక్కను ల్యాబుకు పంపారా? రిపోర్టు ఎప్పుడు వస్తుంది?
5. మళ్లీ ఎప్పుడు రావాలి?

అయిదవ ప్రశ్నకు జవాబును గోడ క్యాలెండరు మీద రాసుకోండి. పెద్ద పాలిప్‌ను ముక్కలుగా తీసినవారు సుమారు ఆరు నెలలకు తప్పనిసరిగా మళ్లీ చూపించుకోవాలి. చిన్నవి ఒకటి రెండు ఉన్నవారికి సాధారణంగా కొన్నేళ్ల వ్యవధి ఇస్తారు. "నొప్పి లేదు, బాగానే ఉన్నాను" అని మానేయకండి. తిరిగి వచ్చిన పాలిప్ కూడా మొదట్లో నొప్పి పెట్టదు. ఫోటోలు, ల్యాబు రిపోర్టు ఒక కవరులో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. పరీక్షకు ముందు ఇచ్చే విరేచనాల మందు నీళ్లు రుచిగా ఉండవు. అయినా చెప్పినంతా తాగాలి. ప్రేగు శుభ్రం కాకపోతే పరుచుకున్న పాలిప్ మలం కింద దాగిపోతుంది. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మీ అంతట మీరు ఆపకూడదు, ఆపకుండా దాచనూ కూడదు. పాలిప్ తీసిన తరువాత రెండు వారాల వరకు గమనించుకోండి. గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, కడుపు రాయిలాగా గట్టిపడి నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, రాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

పిల్లల విషయం వేరు. రెండు మూడేళ్ల నుండి పదేళ్ల లోపు పిల్లలకు నొప్పి లేకుండా మలంతో రక్తం పడితే చాలాసార్లు కారణం ఒకే ఒక్క పాలిప్. అది సాధారణంగా క్యాన్సరు రకం కాదు. తీసేస్తే సరిపోతుంది. దానిని మొలలని పిలిచి పసిబిడ్డకు ఘాటు మందులు పట్టకండి.

తల్లిదండ్రులకు, తోబుట్టువులకు పెద్దప్రేగు క్యాన్సరు వచ్చి ఉంటే, మీకు ఏ బాధా లేకపోయినా 40 ఏళ్లకు, లేదా వారికి వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు, వైద్యుణ్ణి కలవండి. మన దేశంలో ప్రభుత్వం చేసే క్యాన్సరు పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి సంబంధించినవి. పెద్దప్రేగు సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా పాలిప్ ఉందని దిగులుగా ఇంటికి వస్తే, "ఏ ఆసుపత్రి? ఎంత ఖర్చు?" అని మొదలుపెట్టకండి. "ఎన్ని మి.మీ. అన్నారు? పూర్తిగా తీస్తారంటనా?" అని అడగండి. ఆ రెండు జవాబులు తెలిస్తే, ఎక్కడికి పోవాలో చాలావరకు తేలిపోతుంది.